‘దయ చూపు’ అని స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

స్పానిష్ నేర్చుకుంటున్న మనవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. “కరుణించు, దయ చూపు, కనికరించు... వీటికి స్పానిష్‌లో ఏ మాట వాడాలి? ఇంగ్లీషులో అన్నిటికీ మెర్సీ అని పెడితే సరిపోతుందా?” అడిగేవాళ్లలో చర్చి పాటను అనువదించుకునేవాళ్లున్నారు, అమెరికాలో స్పానిష్ మాట్లాడే పేషెంట్లను చూసుకునే నర్సులున్నారు, హైదరాబాద్‌లో భాషా కోర్సు చేస్తున్న పిల్లలున్నారు. అందరికీ చెప్పే జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. చిక్కు స్పానిష్‌లో లేదు, మన ‘దయ’లో ఉంది. “దయచేసి కూర్చోండి” అంటాం. “లోపలికి దయచేయండి” అంటాం. “మీ దయ వల్ల అంతా బాగున్నాం” అంటాం. “ఈసారికి దయ చూపండి సార్” అంటాం. నాలుగు చోట్లా దయే, కానీ ఆ రెండు భాషల్లోనూ ఇవి నాలుగు వేర్వేరు మాటలు. మెర్సీకి దగ్గరగా వచ్చేది చివరిదొక్కటే.

కావలసినవి

- మీరు చెప్పదలచుకున్న తెలుగు వాక్యం, మొత్తంగా. ఒక్క మాట విడిగా తెచ్చుకుంటే ఈ పని కుదరదు.
- ఎవరు ఎవరితో అంటున్నారన్న వివరం. భక్తుడు దేవుడితోనా, ముద్దాయి జడ్జితోనా, నర్సు పేషెంటుతోనా?
- వినేవాళ్లది ఏ దేశం? మెక్సికోకీ స్పెయిన్‌కీ ఒకచోట పెద్ద తేడా వస్తుంది, దాని గురించి కింద చెప్తాను.
- రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువు. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇంగ్లీషుకైతే నేర్చుకునేవాళ్ల కోసం వాక్యాలతో సహా ఇచ్చే నిఘంటువు ఏదైనా సరే.

స్పానిష్ మాటల్ని ఇక్కడ లాటిన్ అమెరికాలో పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల ‘క్లెమెన్సియా’లోని ‘సి’ని ఇంగ్లీషు ‘థింక్’లో మొదటి ధ్వనిలా పలుకుతారు.

1. తెలుగులోనే విడగొట్టుకోండి

మీ వాక్యాన్ని రెండు ప్రశ్నలు అడగండి. ఎదుటివాళ్ల చేతిలో శిక్షించే అధికారమో, కాదనే బలమో ఉందా? అడిగేవాళ్ల వైపు తప్పు, అప్పు, ఓటమి లాంటిది ఏదైనా ఉందా? రెండింటికీ అవునని జవాబు వస్తే అది మెర్సీ. పట్టుబడిన దొంగ, ఓడిన సైనికుడు, పాపం ఒప్పుకున్న భక్తుడు అడిగేది ఇదే.

రెండూ లేకపోతే అది మెర్సీ కాదు. దెబ్బ తగిలిన కుక్కపిల్లను చూసి మనసు కరిగితే ఇంగ్లీషులో కంపాషన్, స్పానిష్‌లో కొంపాసియోన్. బుద్ధుడి కరుణకు కూడా ఇవే సరైన మాటలు. అక్కడ క్షమించాల్సిన తప్పు లేదు, బాధ ఉందంతే.

ఈ వడపోతలో మెర్సీ కాదని తేలేవి చాలానే ఉంటాయి. వాటికి ఇవి వాడండి:

- దయచేసి: ఇంగ్లీషులో ప్లీజ్, స్పానిష్‌లో పోర్ ఫబోర్.
- మీ దయ వల్ల: థాంక్స్ టు యూ, గ్రాసియాస్ అ ఉస్తెద్.
- దేవుడి దయ వల్ల: థాంక్ గాడ్ లేదా బై గాడ్స్ గ్రేస్, గ్రాసియాస్ అ దియోస్.
- ఆవిడ చాలా దయగల మనిషి: కైండ్, బొందాదోసా. మగవాళ్లకైతే బొందాదోసో. మెర్సిఫుల్ అంటే ఆవిడ ఎవరికో శిక్ష తగ్గించినట్టు వినిపిస్తుంది.
- అయ్యో పాపం: పూర్ థింగ్, పొబ్రెసీతో. ఆడవాళ్లకైతే పొబ్రెసీతా.

ఆఖరిదాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ‘పాపం’ అని అనువాద మిషన్‌కు ఇస్తే చాలాసార్లు దైవద్రోహం అన్న అర్థంలో ఉండే మాట చేతిలో పెడుతుంది. “పాపం ఆ పిల్లాడు” అన్నది “ఆ పిల్లాడి పాపం” అయిపోతుంది.

2. స్పానిష్ మాట ఎంచుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడకండి.

మిసెరికోర్దియా. దేవుడి కరుణకు ఇదే మొదటి మాట. లాటిన్‌లో దీనత్వాన్నీ హృదయాన్నీ చెప్పే రెండు మాటలు కలిసి పుట్టింది. బరువైన మాట, మతవాసన ఉన్న మాట. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, చనిపోయినవారిని పూడ్చిపెట్టడం లాంటి 14 పనులను కాథలిక్కులు ‘ఓబ్రాస్ దె మిసెరికోర్దియా’ అంటారు. ఏడు శరీరానికి, ఏడు ఆత్మకు సంబంధించినవి. పోప్ ఫ్రాన్సిస్ 2015 డిసెంబరు 8 నుంచి 2016 నవంబరు 20 వరకు కరుణా సంవత్సరం ప్రకటించినప్పుడు స్పానిష్‌లో వాడిన మాట ఇదే. ఆయన మాతృభాష స్పానిష్. తన లాటిన్ ఆదర్శవాక్యంలోని ‘కరుణిస్తూ’ అనే క్రియకు స్పానిష్‌లో సాటి మాట లేదని, ‘మిసెరికోర్దియాందో’ అని కొత్తగా కల్పించుకున్నారు. మనకు ‘కరుణిస్తూ’ అనడం ఎంత తేలికో చూడండి. తెలుగులో నామవాచకం నుంచి క్రియ అలవోకగా వస్తుంది, అక్కడ రాదు. మిసెరికోర్దియా నుంచి మీ అంతట మీరు క్రియ తయారుచేయకండి. ‘తెనెర్’ (కలిగి ఉండు) అనే క్రియతో కలిపి వాడండి. కింద వచ్చే తెన్, తెంగా దాని రూపాలే.

పియెదాద్. వేడుకోలుకు ఎక్కువగా వాడేది ఇదే. కాథలిక్కుల చర్చి పూజలో ప్రజలు పలికే ప్రార్థన “సెన్యోర్, తెన్ పియెదాద్”. మన చర్చిల్లో “ప్రభువా, కరుణించుము” అనేది ఇదే. సినిమాలో విలన్ కాళ్ల మీద పడినవాడు అరిచేది కూడా “పియెదాద్!” అనే. అయితే దీనికి భక్తి అనే ఇంకో అర్థం ఉంది. ఇంగ్లీషులో భక్తిని చెప్పే పయటీ, జాలిని చెప్పే పిటీ రెండూ ఈ మాట మూలం నుంచే వచ్చాయి. ఇంకో సంగతి: మెక్సికో సిటీలో ‘మోంతె దె పియెదాద్’ అనే బోర్డు చూస్తే గుడి అనుకోకండి. 1775లో మొదలైన తాకట్టు సంస్థ అది. పేదలు వడ్డీ వ్యాపారుల చేతుల్లో పడకుండా నగలు కుదువపెట్టుకోవడానికి పెట్టారు కాబట్టి ఆ పేరు.

క్లెమెన్సియా. అధికారంలో ఉన్నవారు చూపే దయ. జడ్జి, గవర్నరు, రాజు. ఇంగ్లీషులో క్లెమెన్సీ. ఇంట్లో అమ్మానాన్నలతో వాడే మాట కాదు. దీని వ్యతిరేక రూపం వాతావరణానికి బాగా కుదురుతుంది. కనికరం లేని ఎండను ‘సోల్ ఇన్‌క్లెమెంతె’ అంటారు.

లాస్తిమా. జాలి. “కె లాస్తిమా!” అంటే “అయ్యో, ఎంత పనైంది!” అని. బస్సు తప్పిపోయినా అంటారు, పెళ్లికి రాలేకపోయినా అంటారు. ఇందులో క్షమాపణ లేదు.

మెర్సెద్. చూడ్డానికి మెర్సీలా ఉంది కదా అని చాలామంది దీన్ని పట్టుకుంటారు. రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి, ప్రతిఫలం అని దానర్థం. ఫ్రెంచివాళ్లు థాంక్స్ అనడానికి వాడే మెర్సీ కూడా అదే. కానీ నేటి స్పానిష్‌లో “దయ చూపు” అనడానికి మెర్సెద్ వాడరు. ‘అ మెర్సెద్ దె’ అనే పలుకుబడిలోనే ఎక్కువగా మిగిలింది. ‘అ మెర్సెద్ దె లాస్ ఓలాస్’ అంటే అలల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి ఉండడం. ఇంగ్లీషులో ‘యాట్ ద మెర్సీ ఆఫ్’ అన్నట్టే.

పేర్లలో మాత్రం మెర్సెద్ బతికే ఉంది. బందీలను విడిపించడం కోసం 1218లో బార్సెలోనాలో పుట్టిన సన్యాస సంఘం పేరు దీని నుంచే వచ్చింది, ఆ ఊరి పెద్ద పండగ సెప్టెంబరు 24న ఆ కరుణామాత పేరు మీదే జరుగుతుంది. మెర్సెదెస్ అనే ఆడపిల్లల పేరు కూడా అక్కడిదే. కారుకు ఆ పేరు వచ్చింది ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి కూతురి నుంచి. మన కోస్తా ఊళ్లలో కనిపించే మెర్సీ అనే అమ్మాయి, ఆ కారు మాటల్లో చుట్టాలే. పేర్లను మాత్రం అనువదించకండి. మెర్సీని మెర్సెదెస్ చేయకూడదు, కరుణను కొంపాసియోన్ చేయకూడదు.

తొందరలో ఉంటే ఇంత గుర్తుపెట్టుకోండి: వేడుకోవడానికి పియెదాద్, దేవుడి గుణాన్ని చెప్పడానికి మిసెరికోర్దియా, అధికారికి క్లెమెన్సియా, బాధ చూసి కరిగితే కొంపాసియోన్. 51వ కీర్తన మొదటి వాక్యంలో ఈ తేడా తేటగా కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో “నీ కృపచొప్పున నన్ను కరుణింపుము” అని ఉన్నచోట, 1960 నాటి రెయ్నా-వలేరా స్పానిష్ బైబిల్లో కరుణించమనే వేడుకోలుకు పియెదాద్, దేవుడి కృపకు మిసెరికోర్దియా వాడారు. చర్చి పాట అనువదించేవాళ్లు సొంతంగా మాట వెతుక్కునే ముందు ఆ వచనం అచ్చు బైబిల్లో ఎలా ఉందో చూడండి. పాడేవాళ్ల నోటికి అలవాటైన మాట అదే.

ఖురాన్ ఆరంభ వాక్యాన్ని రాసేవాళ్లకు ఒక సూచన. తెలుగులో “అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు” అని రెండు విశేషణాలున్నట్టే స్పానిష్‌లోనూ ‘కొంపాసీబో’, ‘మిసెరికోర్దియోసో’ అని రెండు పెడతారు. ఒకదానితో సరిపెట్టకండి.

3. వాక్యం కట్టండి

ఇంగ్లీషు మనకు తేలిక. “నా మీద దయ చూపు” అన్నట్టే “హ్యావ్ మెర్సీ ఆన్ మీ”. మన ‘మీద’ స్థానంలో ‘ఆన్’ వస్తుంది. క్రియ ‘షో’ అయితే మాత్రం తర్వాత ‘టు’ రావాలి. వేడుకోవడం ‘బెగ్ ఫర్ మెర్సీ’.

స్పానిష్‌లో మన ‘మీద’ పనికిరాదు. అక్కడ వాడేది ‘దె’. “తెన్ పియెదాద్ దె మీ” అంటే నన్ను కరుణించు. ఇక్కడి ‘మీ’ అంటే నేను, మన ‘మీరు’కు సంబంధించిన మీ కాదు. మమ్మల్ని అనాలంటే ‘దె నోసోత్రోస్’. ‘సోబ్రె మీ’ అని పెడితే అర్థమవుతుంది గానీ మాటల్లో అతకదు.

ఒకే క్రియతో చెప్పాలంటే “అపియాదాతె దె మీ”. మన ‘కరుణించు’కు ఇది బాగా దగ్గర.

వద్దని చెప్పేటప్పుడు క్రియ రూపం మారుతుంది. “కనికరించకు” అంటే “నో తెంగాస్ పియెదాద్”. “నో తెన్” అనడం తప్పు, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు.

కనికరం లేకుండా: ‘వితౌట్ మెర్సీ’, ‘సిన్ పియెదాద్’. కనికరం లేని మనిషి: ‘మెర్సిలెస్’, ‘దెస్పియాదాదో’.

4. నువ్వా, మీరా తేల్చుకోండి

ఈ విషయంలో ఇంగ్లీషు వాళ్లకంటే మనం ఎంతో ముందున్నాం. దేవుణ్ణి మనం “నన్ను కరుణించు స్వామీ” అని నువ్వుతోనే పిలుస్తాం. జడ్జి గారితో “దయ చూపండి” అంటాం. స్పానిష్ కూడా అంతే. దేవుడికి ‘తెన్’, జడ్జికి ‘తెంగా’. ఎక్కువమంది పెద్దలైతే ‘తెంగాన్’. అపియాదాతె కూడా మర్యాదగా అనాలంటే ‘అపియాదెసె’ అవుతుంది.

అందుకే గట్టిగా చెప్తున్నాను: తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు వెళ్లకండి. మధ్యలో ఇంగ్లీషు ‘యూ’ దగ్గర మర్యాద ఊడిపోతుంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే ‘చు’కు తెన్, ‘ండి’కి తెంగా అని కళ్లకు కట్టినట్టు దొరుకుతుంది. అర్జెంటీనాలో నువ్వు అనడానికి వేరే రూపం వాడతారు, కానీ ప్రార్థనలో అక్కడా తెన్ పియెదాదే.

స్పానిష్‌లో మర్యాదగా ‘మీరు’ అనే ‘ఉస్తెద్’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ‘వుయెస్త్రా మెర్సెద్’ అనే పాత పిలుపు అరిగి అరిగి అలా అయింది. తమరి దయ అన్నట్టు. మనం పెద్దవాళ్లను లోపలికి ‘దయచేయండి’ అనడంలో ఉన్న భావమే అక్కడా ఉంది. ఈ సంగతి చెప్పాక నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఎవరూ ఉస్తెద్‌ను మర్చిపోలేదు.

5. కోర్టు, ఆఫీసు మాటలైతే

క్షమాభిక్ష పిటిషన్‌కు మన దేశపు ఇంగ్లీషులో ‘మెర్సీ పిటిషన్’ అంటారు. రాజ్యాంగంలో రాష్ట్రపతికి 72, గవర్నరుకు 161 అధికరణలు ఈ అధికారం ఇస్తాయి. అమెరికా వార్త అయితే ‘క్లెమెన్సీ’ అని రాయండి. స్పానిష్‌లో ‘సొలిసితూద్ దె ఇందుల్తో’. స్పెయిన్‌లో ఇందుల్తోకు ఆధారం 1870 నాటి చట్టమే. ‘పెతిసియోన్ దె మిసెరికోర్దియా’ అని మాటకు మాట పెడితే అది చట్టపు మాటలా ఉండదు, ప్రార్థనలా వినిపిస్తుంది.

‘కారుణ్య’ అన్న మాట దగ్గర జాగ్రత్త. కారుణ్య మరణం ఇంగ్లీషులో ‘మెర్సీ కిల్లింగ్’, స్పానిష్‌లో ‘ఎవుతానాసియా’. కారుణ్య నియామకం మాత్రం ‘కంపాషనేట్ అపాయింట్‌మెంట్’. దానికి స్పానిష్‌లో స్థిరపడిన మాట కోసం వెతక్కండి. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబంలో ఒకరికి ఇచ్చే ఉద్యోగం అని విడమరిచి రాయండి.

ఆఫీసులో సెలవు అడుగుతూ ‘ప్లీజ్ హ్యావ్ మెర్సీ’ అని రాయకండి. మన ‘దయతలచి’ తెలుగు ఉత్తరంలో ఎంతో హుందాగా ఉంటుంది, ఇంగ్లీషులో అదే కాళ్లావేళ్లా పడ్డట్టుంటుంది. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్’ చాలు. మార్కుల విషయంలో మాస్టారిని అడగాలంటే ‘లీనియెన్సీ’.

6. బాధలో ఉన్నవాళ్లతో అయితే

నర్సులు, డాక్టర్లు ఇది తప్పక చదవండి. పెద్దవాళ్ల మొహం మీద పొబ్రెసీతో అనకండి. పిల్లలకు ముద్దుగా ఉంటుంది, పెద్దలకు చిన్నబుచ్చినట్టుంటుంది. ఇంగ్లీషులో ‘ఐ పిటీ యూ’ కూడా అంతే, పైనుంచి కిందికి చూసి అన్నట్టు ఉంటుంది. ‘ఐ యామ్ సో సారీ’, ‘లో సియెంతో ముచో’ అనండి. మరణం సంగతైతే ‘మి మాస్ సెంతీదో పేసామె’.

ఇక ముందు చెప్తానన్న తేడా. “మె దా పేనా” అంటే స్పెయిన్‌లో నాకు బాధగా ఉంది, జాలేస్తోంది అని. మెక్సికోలో, కొలంబియాలో నాకు సిగ్గుగా, మొహమాటంగా ఉంది అని కూడా. పేషెంటు ఈ మాట అంటే నొప్పి అనుకోకండి, బట్టలు మార్చుకోవడానికి మొహమాటపడుతున్నారేమో చూడండి. ఏడుస్తున్న ఒక పెద్దావిడను ఓదార్చడానికి నేను ఈ మాట వాడి, ఆవిడ మొహంలో అయోమయం చూసి నేర్చుకున్న పాఠం ఇది. ఏ దేశం వాళ్లో తెలియనప్పుడు దీన్ని పక్కన పెట్టి లో సియెంతో అనండి.

7. పలికి చూడండి

స్పానిష్ త, ద మన త, దల్లాగే నాలుక పళ్లకు తగిలేవి. మిసెరికోర్డియా, లాస్టిమా అని ఇంగ్లీషు అలవాటుతో బరువు చేయకండి. ఊనిక మిసెరికోర్దియాలో ‘కోర్’ మీద, క్లెమెన్సియాలో ‘మెన్’ మీద, లాస్తిమాలో మొదటి అక్షరం మీద, పియెదాద్‌లో, కొంపాసియోన్‌లో చివరి అక్షరం మీద. పియెదాద్ చివరి ‘ద్’ చాలామంది నోట మెత్తబడి వినిపించీ వినిపించనట్టుంటుంది, విన్నప్పుడు వేరే మాటేమో అని టెన్షన్ పడొద్దు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట, మీ స్పానిష్ వాక్యాన్ని ఒక రోజు పక్కన పెట్టి తిరిగి తెలుగులోకి తెచ్చుకోండి. “కరుణించు” అని మొదలుపెట్టింది “జాలిపడు” అని తిరిగొస్తే లాస్తిమా, పియెదాద్ తారుమారయ్యాయి. “భక్తి” అని తిరిగొస్తే చుట్టూ ఉన్న వాక్యం చాలలేదు, తెనెర్ క్రియ చేర్చండి.

తర్వాత, ఆ మాట తీసేసి ‘పెర్దోన్’, అంటే క్షమాపణ, పెట్టి చూడండి. వాక్యం ఇంకా అర్థవంతంగా ఉంటే మీరు చెప్పేది మెర్సీనే. కుక్కపిల్ల వాక్యంలో పెట్టి చూడండి, అర్థం లేకుండా పోతుంది. అలాంటప్పుడు కొంపాసియోన్‌కు మారండి.

క్రియల్ని ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసుకోండి. ఒక ఉత్తరంలో మొదట తెంగా, చివర తెన్ ఉంటే, మన ఉత్తరంలో “మీరు” అని మొదలుపెట్టి “నువ్వు” అని ముగించినట్టే. అన్నిటికంటే ఎక్కువ కనిపించే పొరపాటు ఇదే.

ఆఖరున, స్పానిష్ మాతృభాషగా ఉన్న ఎవరికైనా చదివి వినిపించండి. “ఇది కరెక్టేనా” అని అడగకండి, మొహమాటానికి అవునంటారు. “ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నట్టుంది?” అని అడగండి. మీరు రాసింది జడ్జికైతే, వాళ్ల నోట జడ్జి రావాలి.